మామ్మగారి ఎకరం

పెదపాడులో మా చేను పక్క ఎకరం ఒక మామ్మగారిది. అక్కడ సెంటు భూమి కూడా ఎవరూ అమ్మరు. ఆవిడ మాత్రం అడగొచ్చినవాళ్లని కాదనేవారు కాదు. కాఫీ ఇచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పొలంలో లోపం తనే చెప్పేవారు.

"దారి బాలేదండీ. తర్వాత చెప్పలేదనుకోకూడదు."

ఎంత నిజాయితీ అనుకున్నాను. రేపోమాపో నాదే కదాని ఆ దారికి గ్రావెల్ తోలించాను. బేరమెత్తితే, "కోతలవనివ్వండి" అన్నారు.

కోతలయ్యాక వెళ్తే, ఆకివీడు నుంచి వచ్చిన చేపల చెరువుల రైతు అరుగు మీద కాఫీ తాగుతున్నాడు.

"దారికేమండీ, ఈయన దయవల్ల లారీ కూడా వస్తుంది," మామ్మగారు నన్ను చూపిస్తూ చెబుతున్నారు. "నీళ్లొచ్చే బోదే పూడిపోయింది."

ఆయన వెంటనే పొక్లెయిన్ వాడికి ఫోన్ చేశాడు. ఆయన్ని హెచ్చరించకుండా నేనూ అరుగెక్కి కాఫీ అందుకున్నాను. నా చేనుకి నీళ్లొచ్చేదీ ఆ బోదెలోంచే.