హెల్మెట్ ఉంటేనే మాటలు

ఎలక్ట్రీషియన్‌కూ, ఆయన బామ్మర్దికీ మాటల్లేవు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఊడిపడ్డ రోజున, బోల్టు బిగించనిది నువ్వంటే నువ్వని మొదలైన గొడవ అది. పనికి మాత్రం ఒకే బైకు మీద వెళ్ళేవారు. వెనక కూర్చున్న బామ్మర్ది పంతానికి పోయి, వెనకనుంచి మీదికొస్తున్న లారీ సంగతి చెప్పకపోవడంతో ఓసారి ఇద్దరూ చావు తప్పించుకున్నారు. ఇల్లాలు హడలిపోయి బండి మీద ఒకరి మాట ఒకరికి వినపడేలా ఇద్దరికీ బ్లూటూత్ హెల్మెట్లు కొంది.

"బావా, వెనక లారీ!" అంటూ మొదలైన మాటలు, బండి వేగం అందుకునేసరికి ఆవిడ వంట మీదికి మళ్ళేవి. గుమ్మంలో హెల్మెట్లు తీశారో, మళ్ళీ ఎడమొహం పెడమొహమే.

"అక్కా, ఆయన్ని ఉప్పు ఇటు జరపమను."

"వాడికి చేతుల్లేవా, అడుగు."

ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి విసిగిన ఆవిడ, ఓ రోజు రెండు హెల్మెట్లూ కంచాల పక్కన ఠపీమని పెట్టింది.

"ఇవి తగిలించుకుని మీలో మీరే ఏడవండి!"

బుద్ధిగా తగిలించుకున్నారు. వెంటనే మాటలు కలిశాయి.

"ఇవాళ కూర మరీ గడ్డిలా ఉంది బావా."

"ఇవాళేమిట్రా, నా పెళ్ళైనప్పట్నుంచీ అంతేగా!"

ఇక్కడ గాలి హోరు లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"బావా, జాగ్రత్త!" అన్నాడు బామ్మర్ది. "వెనకనుంచి అక్క వస్తోంది. మంచి స్పీడు మీదుంది."