మందు పారేసి నేను చెప్పిన సాక్ష్యం

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు! మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పలకలు ఏరే రాహేలును నేను. మూడేళ్ల కిందట ఇదే మందిరంలో నిలబడి ఒక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు. అందులో తప్పుంది, దాన్ని సరిదిద్దడానికే ఈరోజు లేచాను.

నా కళ్లకు నీటి కాసుల జబ్బు ఉందని, లోపలి ప్రెషర్ చూపు నరాన్ని మెల్లగా తినేస్తుందని, బతికినంతకాలం చుక్కల మందు వేసుకోవాలని డాక్టరు చెప్పిన రోజు నేను ఎంత ఏడ్చానో ఆ దేవునికే తెలుసు! మా నాయన ఇదే జబ్బుతో గుడ్డివాడై పోయాడు. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉండి, "ప్రభువా, బర్తిమయికి చూపు ఇచ్చినావే, నాకున్న చూపు తీసెయ్యొద్దయ్యా" అని మొరపెట్టాను. తర్వాత గిద్దలూరు కంటి క్యాంపుకు వెళితే ప్రెషర్ పదహారు, నార్మల్ అన్నారు. ఇంకేముంది, స్వస్థత వచ్చేసిందని మందు సీసా పారేసి, ఆదివారం మీ ముందు గొప్పగా చెప్పేశాను!

ఆరు నెలలు తిరక్కముందే, ప్రభువు బల్ల ఆదివారం నాడు, పాస్టరయ్యగారు ఎడమవైపు నుంచి గిన్నె అందిస్తే అది నాకు కనబడనే లేదు, నా మోచెయ్యి తగిలి ద్రాక్షరసమంతా ఆయన తెల్లబట్టల మీద ఒలికిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను! ఆయన కోప్పడలేదు. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, "ఏందక్కా, ఎడం పక్క కనబడ్డంలేదా? ప్రార్థన నేను చేస్తా గానీ, రేపు ఆస్పత్రికి పోదాం పా" అన్నారు.

ఒంగోలులో డాక్టరమ్మ నా నల్లగుడ్డు మీది పొర మందం కూడా కొలిచింది. "పెద్దమ్మా, నీ పొర చానా పల్చన. పల్చటి పొర ప్రెషర్ కొలిచే మిషన్ ఒత్తగానే లొంగుతుంది, అందుకని క్యాంపులో ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ చూపించింది. నీకు నంబరు ఒక్కటే చూస్తే చాలదు, నరం కూడా చూస్తా ఉండాల. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకుందాం" అంది. పలక మందం వేలితో తడిమి చెప్పే దాన్ని, నా కంటి పొర సంగతి నాకేం తెలుసు! "తండ్రీ, నువ్వు ఇచ్చిన మందే నేను పారేసినా, క్షమించు" అని బస్సులోనే ఏడ్చాను. ఆనాటి నుంచి ఒక్క పూట తప్పలేదు, నరం అంతకు మించి చెడలేదు, దేవునికే మహిమ!

కానీ మళ్లీ మందు మొదలుపెట్టానని మీకు చెప్పలేదు, పరువు పోతుందని. పోయిన నెల, ఇదే జబ్బున్న మన దానియేలు మామ, "నీ సాక్ష్యం విన్నాక నేను గూడ చుక్కలు మానేసినా అమ్మాయ్, ఇప్పుడు అంతా మసగ్గా ఉంది" అన్నాడు. మరుసటి రోజే చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాను. ఒక కన్ను పోయింది, ఒకటి దక్కింది. నన్ను క్షమించు మామా అంటే, ఆ ఒక్క కంటితో నన్ను చూస్తూ, "దేవుడు క్షమించినాక నేనెవర్నమ్మా" అన్నాడు.

సహోదరులారా, దేవుణ్ణి నమ్మండి, నిండుగా నమ్మండి, మందు వేసుకుంటూ నమ్మండి! నా పాత మాట విని ఇంకెవరైనా మానేసి ఉంటే, కూటం అయ్యాక నేను వాకిట్లోనే నిలబడి ఉంటాను. సిగ్గుపడకుండా వచ్చి నన్ను తిట్టండి, తిట్టి నాతో ఆస్పత్రికి రండి. ఆమేన్!