మేడమీద ఓడ

మాకు చరిత్ర చెప్పిన మాస్టారు బందరులో ఏ పాత గోడ కనిపించినా వేళ్ళతో తట్టి, "డచ్చివాళ్ళ పనిరా, ఇనుము" అనేవారు. బస్టాండు మరుగుదొడ్డి గోడకీ అదే మాట.

ఆయన తాతగారి పెంకుటింటి దూలం మాత్రం నిజంగానే పాత ఓడ తెరచాప కొయ్య. ఇల్లు పడగొట్టించి దాన్ని పాతసామాన్లవాడికి అమ్మేశారు. అదేంటి మాస్టారూ అంటే, "ఓడ కర్ర ఇంట్లో ఉంటే నిలకడ ఉండదని సిద్ధాంతిగారు చెప్పార్రా" అన్నారు.

కొత్త మేడమీద ఓడ ఆకారంలో సిమెంటు నీళ్ళ ట్యాంకు కట్టించారు. మొన్న నన్ను పైకి తీసుకెళ్ళి, దాన్నీ తట్టి, "మన ఓడల చరిత్ర పిల్లలకి తెలియాలి కదరా" అన్నారు.

ఒకప్పుడు ఈ ఊరు సముద్రం దాటే ఓడలు కట్టింది. మాస్టారి ఓడ నీళ్ళలోకి దిగకుండానే కారుతోంది.