మూలగడిలో ఏనుగు: శేరిలింగంపల్లి ప్రయాణం

డెబ్బైల మొదట్లో చదరంగం పోటీకని వరుసగా రెండు ఆదివారాలు శేరిలింగంపల్లి వెళ్లాను. మొదటి ఆదివారం నా చివరి ఆట చీకటి పడటంతో మధ్యలో ఆపేశారు. రెండోసారి వెళ్లింది దాన్ని ముగించడానికే. నావి నల్లపావులు. గెలిస్తేనే రాష్ట్ర జట్టులో చోటు, డ్రా అయినా లేదు. ఈసారి కాకపోతే ఆట మానేస్తానని మా ఆవిడకు మాట ఇచ్చాను. వారమంతా ఆఫీసు ఫైళ్ల మధ్య కూడా అదే ఆలోచన. నిద్రలేక కళ్లు మండుతున్నాయి.

సికింద్రాబాదులో పొద్దున ఏడింటి ప్యాసింజరు ఎక్కితే ఎనిమిది దాటాక లింగంపల్లి స్టేషను. టికెట్టు రూపాయి లోపే. అక్కడి నుంచి పోటీ జరిగే బడికి రిక్షా అర్ధరూపాయి. మట్టిరోడ్డు కుదుపులకు నడుము విరిగినంత పనైంది.

"పొద్దుగాల్నే ఏడికి సారూ?" అన్నాడు రిక్షా అతను.

"చదరంగం ఆడటానికండి."

"కూసొని ఆడేదానికి గింత దూరమా? ఇంట్లనే ఆడరాదా!"

నిజానికి నాకూ అదే సబబనిపించింది.

నా ప్రత్యర్థి రాజయ్యగారు ఆ ఊరి రైతే, యాభై దాటినవారు. పొద్దుటి నుంచీ సాగిన ఆటలో, సాయంత్రం నాలుగింటికి ఆయన బంటు చివరి వరుసలో మూలగడికి చేరింది. నా బంటుకు ఇంకా ఒక్క అడుగుంది. ఆయన మంత్రిని తీసుకుంటే, అది ఆ మూల నుంచి ఈ మూలకు ఏటవాలుగా నా దారి కాసేస్తుంది. ఇక ఓటమి ఒప్పుకుందామనుకున్నాను. ఆయన ఏటవాలుగా నడవలేని ఏనుగును పెట్టి గడియారం నొక్కారు!

పాత నాటు ఆటలో బంటు ఏ గడి చేరితే, ఆట మొదట్లో ఆ గడిలో ఉండే పావే అవుతుంది. మూలగడి ఏనుగుది. పోటీల్లో ఆ నియమం లేదు. సంగతి తెలిసి ఆయన చెయ్యి చాపేలోపే, "నొక్కినంక మార్చరాదు" అన్నాడు అంపైరు.

"మా నాయిన నేర్పిన ఆట. చెయ్యి గట్లనే పోయింది. మీరు ఆడుండ్రి సారూ" అన్నారు రాజయ్యగారు.

నా బంటు మంత్రి అయింది. పది ఎత్తుల్లో ఆట నాదైంది.

"ఇల్లు ఈడనే. ఇంత తిని పోండ్రి" అన్నారాయన, బోర్డు సర్దుతూ. బండికి టైమైపోతోందండి అన్నాను. అబద్ధం. ఆరున్నర దాకా బండే లేదు. స్టేషను బెంచీ మీద ఆకలితో గంటన్నర కూర్చున్నాను.

జట్టులో నా పేరు పడింది, ఆట మానే అవసరం రాలేదు. గెలిచినందుకు నాకు సిగ్గు లేదు. ఆయన ముఖం చూడలేక తప్పించుకు వచ్చినందుకు మాత్రం ఇప్పటికీ ఉంది. అటు ఆడటానికి వెళ్లేవారికి ఒక్క మాట: తిరుగు బండి ఆరున్నరకు గానీ రాదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లండి, టైము సరిపోతుంది.