మంగళవారం విమానం

మా ఆయన వెంకటమునికి రెండు విషయాల్లో మహా పట్టు. ఒకటి, బండి బయల్దేరాక దారిలో నిలపడు. రెండు, నిలపమని అడిగినవాళ్ళ మాట చెవిన పెట్టడు. ఒకప్పుడు మదనపల్లె మార్కెట్లో టమోటా ఎత్తుకుని మద్రాసుకు మినీ లారీ తోలేవాడు. దారిలో ఆగితే టమోటా కుళ్ళిపోతుంది. ఆ బుద్ధి అట్లాగే మిగిలిపోయింది. ఇప్పుడు పుంగనూరు నుంచి మనుషుల్ని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు తోలుతున్నాడు, వాళ్ళనూ టమోటాల్లాగే. ఈ మాటంటే నా మీద గయ్యిమంటాడు.

మా వైపు విమానం ఎక్కడం సంగతి తర్వాత, ముందు దాని దాకా పోవడమే పెద్ద పని. రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది గానీ, మనం పోవాల్సిన ఊరికి అక్కడినుంచి విమానం ఉండొద్దూ? కుప్పం వాళ్ళు కాస్త నయం, రైల్లో బెంగళూరు చేరి అక్కడ ఎయిర్‌పోర్టు బస్సు పట్టుకుంటారు. మదనపల్లె, పుంగనూరు వాళ్ళు బస్సులో పోతే ఎక్కడో రోడ్డు మీద దిగి, సంచులు మోసుకుంటూ ఇంకో బస్సు కోసం కళ్ళు కాయలు కాచేలా చూడాలి. వయసులో ఉన్నవాళ్ళు ఆ పాట్లు పడతారు. ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ మా ఆయనకు ఫోన్ చేస్తారు. కారు బాడుగ విమానం టికెట్టుతో పోటీ పడుతోందని తిట్టుకుంటూనే చేస్తారు.

ఎంత కోపిష్టి అయినా ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళను ఊరికే దించేసి రాడు. ట్రాలీ తానే తోసుకొచ్చి సంచులు పెడతాడు, ఏ గేటో చూపిస్తాడు. బయల్దేరేముందు "ఆధార్ కార్డు సూపీమ్మా" అని అడిగి, కళ్ళారా చూసుకున్నాకే బండి తీస్తాడు. ఒక్క గౌరమ్మ విషయంలోనే అది తప్పింది.

గౌరమ్మది రామసముద్రం దగ్గర చిన్న పల్లె. ఆమె, మొగుడు చెన్నప్ప గొర్రెలు మేపుకుని బతుకుతారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది, అట్లా పరిచయం. అల్లుడు శివకుమార్ కుప్పంలో గ్రానైటుకు పాలిష్ పట్టడం నేర్చుకుని, ఆ పనిమీదే రాజస్థాన్ పోయి అక్కడే ఉండిపోయాడు. కూతురు కల్పనకు అక్కడ రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ కబురు రాగానే గౌరమ్మ రైలెక్కింది. రెండుసార్లూ ఆమె చేరేసరికి బిడ్డను పూడ్చిపెట్టి వచ్చేశారు. ఆసుపత్రి మంచం మీద కల్పన గోడవైపు తిరిగి పడుకుని ఉందట, పలకరించే ఆడదిక్కు లేక.

ఈసారి డాక్టర్లు కల్పనను ప్రయాణం చేయొద్దన్నారు, బుధవారం ఆపరేషన్ అన్నారు. "అమ్మ వస్తే గానీ లోపలికి పోను" అని ఆ పిల్ల పట్టుబట్టింది. అల్లుడు జైపూరుకు విమానం టికెట్టు తీసి పంపాడు. అది మంగళవారానిది.

మంగళవారం అనగానే గౌరమ్మ గుండెల్లో రాయి పడింది. మంగళవారం గడప దాటితే మంచిది కాదంటారు, అదీ కాన్పు పని మీద. దానికి పెద్దవాళ్ళు ఒక ఉపాయం పెట్టిపోయారు. అదే ప్రస్థానం. మంచిరోజు చూసి మన వస్తువు ఏదైనా ఒక సంచిలో పెట్టి ముందుగానే వేరే ఇంటికి పంపేస్తాం. అంటే మన ప్రయాణం ఆ రోజే మొదలైపోయినట్టు. పోయేనాడు దారిలో ఆ సంచి తీసుకుని పోతాం. గౌరమ్మ ఆదివారమే ఊరి చివర అక్కమ్మ ఇంట్లో సంచి పెట్టి వచ్చింది. అందులో ఏ చీరో, టెంకాయో ఉంటుందని అనుకున్నాను.

మంగళవారం తెల్లారేసరికి ఆమెను తీసుకుపోవడానికి బయల్దేరాం. తోడుగా ఒక ఆడమనిషి ఉంటే మేలని నేనూ కారెక్కాను. పాడు టైరు దారిలోనే పంచరైంది. పల్లె చేరేసరికి మా ఆయన ముఖం చూస్తే ఎవరికీ నోరు పెగల్లేదు. కార్డు చూపించమని అడగడం కూడా మరిచాడు. ఊరి చివరికి వచ్చాక గౌరమ్మ సీటు మీంచి ముందుకు వంగింది.

"అప్పా, అక్కమ్మింటి తావ రవ్వంతసేపు నిలుపప్పా."

"నిలిపేది లేదమ్మా. ఇప్పుటికే లేటైపోయుండాది. విమానం నీకోసరం కాసుకోనుంటాదా?"

"సంచి ఉండాదప్పా..."

"సంచులన్నీ డిక్కీలో పెట్టినా. గమ్మున కూసో."

అక్కమ్మ పాపం సంచి పట్టుకుని రోడ్డు పక్కనే నిలబడి ఉంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది. మేం ఆమె మీద దుమ్ము కొడుతూ వెళ్ళిపోయాం. గౌరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనక్కి జారగిలబడింది. శకునం చెడిందని బాధపడుతోందనుకున్నాను.

ఎయిర్‌పోర్టు దగ్గర దించే చోట కార్లు బారులు తీరి ఉన్నాయి. కాస్త ఎక్కువసేపు నిలిపితే విజిల్ వేసి తరుముతారు. మా ఆయన గబగబా ట్రాలీ తెచ్చి సంచులు పెట్టాడు. గేటు దగ్గర జవాను టికెట్టు చూసి కార్డు అడిగాడు. గౌరమ్మ నా ముఖం చూసింది.

"కార్డు ఆ ప్రస్థానం సంచిలోనే ఉండాదమ్మా. చెప్పబోతే గమ్మున కూసోమనిరి."

"దాంట్లో యాల పెడితివి?" అన్నాను.

"యాది లేకుంటే పయనం సాగదో దాన్నే పెట్టల్లని మాయత్త చెప్పేది. ఆ కార్డు లేకుంటే విమానం ఎక్కనీరని మీరే చెప్తిరి కదా."

ఆమె చేసింది పద్ధతి ప్రకారమే. మా ఆయన కారును అక్కడే, దారికి అడ్డంగా వదిలేసి జవాను దగ్గరికి పరుగెత్తాడు. హిందీ, కన్నడం, తెలుగు మూడూ కలిపి కొట్టాడు. ఆ జవాను మంచివాడు. టికెట్టు కోసం అల్లుడికి పంపిన కార్డు ఫొటో నా ఫోన్లో చూపించాను. అది పనికిరాదు, సర్కారు యాప్‌లో తెరిచి చూపిస్తే పంపిస్తానన్నాడు. నా ఫోన్లో యాప్ వేసి, ఫొటోలో ఉన్న కార్డు నంబరు కొట్టాం. తీరా చూస్తే ఆమె కార్డుకు ఇచ్చిన నంబరు చెన్నప్పది. ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది. ఆయనేమో గొర్రెల వెంట ఉన్నాడు.

ఎట్లాగో ఫోన్ కలిసింది. "చెన్నప్పా, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చింటాది, చెప్పప్పా" అన్నాడు మా ఆయన.

"చెప్పను. దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పొద్దని బ్యాంకు సారు చెప్పినాడు."

మా ఆయన బతిమాలాడు, తిట్టాడు, ఒట్టేశాడు. ఎంత చెప్పినా ఆయన గొర్రె తోక పట్టుకున్నట్టు అదే మాట పట్టుకున్నాడు. వెనక విజిళ్ళు మోగుతున్నాయి, ఎవరో మా కారు నంబరు రాసుకుంటున్నారు. గౌరమ్మ ఫోన్ తీసుకుంది. అరుస్తుందనుకున్నాను. మెల్లగా మాట్లాడింది.

"నేనే. గేటు కాడ నిలిపేసినారు. నువ్వా నంబరు చెప్పకపోతే మూడోతూరి గూడా అంతా అయిపోయినాకనే పోతా."

అవతల గొర్రెల మెడగంటలు మోగుతున్నాయి. "ఉండు, నాకు అంకెలు నిదానంగా వస్తాయి" అని ఒక్కొక్క అంకే చెప్పాడు చెన్నప్ప. విన్నవి విన్నట్టు నేను నా ఫోన్లో కొట్టాను.

కార్డు ఫోన్లో తెరుచుకుంది. ఆ ఫోన్ ఆమె చేతిలోనే పెట్టేశాను. మా ఆయన ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను ఆడ నిలిపింటే సరిపోయేది కదమ్మా. నన్ను రెండు మాటలు తిట్టమ్మా."

"తిట్టేదానికి ఇప్పుడు తీరిక యాడుండాదప్పా, జరుగు" అంది గౌరమ్మ.

వీల్‌చైర్ల దగ్గర పనిచేసే ఒక అమ్మాయి ఆమె వెంట లోపలికి నడిచింది. కారుకు జరిమానా రాసిచ్చారు. మా ఆయన ఆ కాగితం వైపు కూడా చూడలేదు. అద్దాల్లోంచి గౌరమ్మ చీర కనబడినంతసేపూ కదలకుండా నిలబడ్డాడు. తిరుగుదారిలో అన్నం కూడా తినలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆయన ఫోనుకు నా నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"చేరినావామ్మా?" అన్నాడు, నిలువునా లేచి.

"చేరినానప్పా. కల్పన కాడనే ఉండా. నా చెయ్యి పట్టుకోని నిద్రపోతాండాది. గట్టిగా మాట్లాడలేను."

"రేపు అంతా బాగైతాది లేమ్మా."

"ఏమైతాదో ఆ దేవునికి తెలియల్లప్పా" అంది గౌరమ్మ. "ఏమైనా గానీ, ఈతూరి నా బిడ్డ ఒంటిగా లేదు."