మంచి గుండె కావాలన్నారు

డెబ్బైల చివర్లో నేను గోదావరిఖనిలో బొగ్గుబావిలో పనిచేసేవాణ్ని. మా అక్క భర్త బజారులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కాంపౌండరు. మా క్వార్టర్లలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు బావకే చెప్పేవాళ్లం. షిఫ్టు దిగి ఇంటికి నడిచొస్తుంటే ఆయాసం వస్తోందని నేనూ ఆయనకే చెప్పుకున్నాను.

ఆయన నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"గుండెల జర తేడా కొడ్తున్నది బామ్మర్ది. పట్నం దవాఖానల కొత్త మిషన్ పెట్టిన్రు. గుండెల నెత్తురు ఎట్ల పారుతున్నదో బొమ్మ తీసి చూస్తరట. జల్ది పోవాలె."

మర్నాడే సెలవు పెట్టాను. నా భార్య చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చింది. రామగుండం స్టేషన్లో రైలెక్కే ముందు బావ చెయ్యి పట్టుకుని, "నాకేమన్న అయితే పిల్లలను నువ్వే చూడాలె" అన్నాను.

"ఫికర్ చెయ్యకు, నేనున్న గద" అంటూ ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పట్నంలో మొదటిరోజు ఏవేవో పరీక్షలు చేశారు. మర్నాడు బల్లమీద పడుకోబెట్టి, చేతి నరంలోకి మందు ఎక్కించి, ఛాతీకి ఆనేంత దగ్గరగా పెద్ద కెమెరా దించారు. పక్కన తెరమీద చుక్కలు చుక్కలుగా ఒక ముద్ద మెరుస్తూ కదిలింది. అదే నా గుండె అన్నాడు డాక్టరు. చూడలేక కళ్లు మూసుకున్నాను.

"బతుకుతనా సారూ?"

ఆయన నవ్వాడు. "నీ గుండెకేం జబ్బు లేదయ్యా. ఈ కొత్త పద్ధతి సరిగ్గా కొలుస్తుందో లేదో తేలాలంటే ముందు మంచి గుండెలు కావాలి. నిన్నటి పరీక్షలు బాగున్నాయనే నిన్ను తీసుకున్నాం. నువ్వు ఇష్టపడే వస్తున్నావని మీ బావ చెప్పాడే?"

ఆయాసం సంగతి అడిగితే, అది తనకెవరూ చెప్పలేదన్నాడు.

సంతోషించాల్సిన మాట విని కూడా నాకు ఏడుపొచ్చింది. రైలు దిగి నేరుగా అక్కావాళ్లింటికి వెళ్లాను. బావ అన్నం తింటున్నాడు. గుండె జబ్బని ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

"నిజం చెప్తే నువ్వు పోతుంటివా? పట్నంల పెద్ద సారు పరీక్షకు మనుషులు కావాలన్నడు, నేను మాటిచ్చిన. నీకేం కాలే గద!"

"మరి స్టేషన్ల ఎందుకేడ్చినవ్ బావా?"

ఆయన తలొంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది.

నా ఆయాసం బొగ్గు దుమ్ము వల్లనని తర్వాత వేరే డాక్టరు తేల్చాడు. బావి దిగే పని మాని, ఉపరితలం పనికి మారాను. బావతో తెగతెంపులేమీ కాలేదు. క్రిస్మస్‌కు పిలిచేవాణ్ని, పక్కన కూర్చుని తినేవాణ్ని. పిల్లలకు జ్వరమొస్తే మాత్రం బస్సెక్కించి మంచిర్యాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని.