గుండు మీద పెట్టని గుర్తు

మొన్న ఆరాంఘర్ దాటి శంషాబాద్ వైపు బస్సులో పోతుంటే, కొత్తగా ఏదో కట్టబోయే జాగాలో ఎర్ర మొరం గుట్టా, దాని నడుమ నిలబెట్టిన ఇనుప కడ్డీ కనిపించాయి. పక్క సీటాయన ఎవరో మట్టి తెచ్చి ఊరికే పారబోశారనుకున్నాడు గాని, అది మెత్తటి నేలను గట్టిపరిచే పని అని నాకు తెలుసు.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో అక్కడింకా విమానాశ్రయం రాలేదు, కొత్వాల్‌గూడ చుట్టుపక్కల ఎటు చూసినా జొన్నచేలూ రాతిగుండ్లే. ఆ దాపున ఎండిపోయిన కుంటలో పెద్ద గోదాము కడుతుంటే మా అక్క మొగుడు మేస్త్రీగా ఉండేవాడు, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పోయి పనిలో పెట్టిందీ ఆయనే. కుంట మట్టి కదా, వానొస్తే మోకాలిదాకా దిగబడేది. అందుకని లోతుగా బొక్కలు చేసి ఇసుక నింపి, పైన రెండు నిలువుల ఎత్తు మొరం పోసి నెలల తరబడి వదిలేశాం. ఆ బరువుకు బంకమట్టిలోని నీళ్ళు ఇసుక గుండా బయటికొస్తాయి, నేల కుంగి గట్టిపడుతుంది, కుంగడం ఆగాకే మొరం తీసి పునాది వేయాలి. గుట్ట అడుగు నుంచి పైకి నిలిపిన కడ్డీ ఎంత దిగిందో రోజూ పొద్దున్నే కొలిచి రాయడం నా పని.

కొలత ఎక్కడినుంచి తీయాలో బావ మొదటిరోజే చెప్పాడు: "అగో, ఆ గుండు మీదనే గుర్తు పెట్టు. గుండు కదలదు. మట్టిని జర గూడ నమ్మకురా." గుండేమో రోడ్డవతల ఉంది, మట్టం చూసే నీళ్ళపైపు అంతదూరం అందదు, రెండు విడతలుగా పట్టాలి, ఇక ఎండ సంగతి చెప్పేదేముంది! వారం తిరక్కుండానే గుట్ట పక్కన రేకుల షెడ్డు నీడలో ఒక రాయి పాతి, అక్కడినుంచే కొలవడం మొదలుపెట్టాను. ఆ బరువుకు కడ్డీతోపాటు నా రాయీ కుంగుతుందని ఈ మట్టిబుర్రకు తట్టలేదు. రెండూ కలిసి కుంగుతుంటే తేడా ఎక్కడ తెలుస్తుంది? నా కాగితం మీద నేల కుంగడం ఆగిపోయింది.

ఆ కాగితం నమ్మి మొరం తీసి పునాది వేశారు, గోదాము లేచింది. రెండో వానాకాలానికి గోడలు నిలువునా పగిలాయి. పట్నం నుంచి పెద్ద ఇంజనీరు వచ్చి గుండు మీదినుంచి మట్టం పట్టించి మొదటి వారం కొలతలతో పోల్చి చూస్తే, నా రాయి పాతిననాటికంటే జానెడు దిగిపోయి ఉంది. ఇది పెట్టిందెవరని అడిగాడు. బావ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, "నేనే పెట్టిన సార్" అన్నాడు.

ఇంటికొస్తూ దారిలో, "నీకు మొన్ననే పెండ్లయింది. ఇగ గీ ముచ్చట ఇంట్ల తియ్యకు" అన్నాడు, అంతే. నాకు సిగ్గూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టయింది, అది నేటికీ వదల్లేదు. ఆ తర్వాత బావను మేస్త్రీ అని పిలిచి పనిచ్చినవాడు లేడు, బడంగ్‌పేట్‌లో కడుతున్న ఇళ్ళకు కాపలా ఉంటూ గడిపాడు. కోపమొచ్చినప్పుడల్లా నేల చూసుకోవడం రాని మేస్త్రీ అని అక్క కూడా దెప్పేది, నేను ఆ పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ణి.

పోయినేడు బావ పోయాడు. సమాధుల తోటలో పాస్టరుగారు ఆయన గురించి రెండు మాటలు చెప్పమంటే, మంచివాడన్నాను.

ఇప్పుడు ఆ కొలతలన్నీ యంత్రాలే రాసుకుంటాయట, తప్పు ఏ రోజు, ఎక్కడ జరిగిందో కూడా అవే చూపిస్తాయట, ఎంత సుఖం! మా రోజుల్లో మనిషే నోరు తెరిచి చెప్పాల్సి వచ్చేది. నేను చెప్పలేదు.